తొలి దుప్పటి

ముందు చప్పుడే వినపడుతుంది. టప్, మళ్ళీ టప్. ఏదో పెద్ద పక్షి గదిలో చిక్కుకుని రెక్కలు కొట్టుకుంటోందేమో అనిపిస్తుంది. తలుపు తోసుకుని వెళ్తే ఆవిరి, సబ్బు వాసన, ఆ వెనక తెల్లటి దుప్పటి కొసలు పట్టుకుని, అందరూ పెద్దక్క అని పిలిచే ఆవిడ.

ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు మడతపెట్టడం ఆమె పని. ఒక్కరి వల్ల అయ్యేది కాదది. అవతలి కొసలు అక్కడే పనిచేసే ఆమె తోడికోడలు పట్టుకుంటుంది. ఇద్దరూ ఒక్కసారిగా విదిలిస్తారు. దుప్పటి గాలి నింపుకుని పైకి లేస్తుంది. అది దిగాక ఎదురెదురుగా నడిచి కొసలు కలుపుతారు. తోడికోడలు ఎప్పుడూ ఒకటే తప్పు చేస్తుంది, దిగకముందే లాగేస్తుంది. పెద్దక్క తన కొసలు కొంచెం బిగించి పట్టుకుంటుంది. దిగేటప్పుడు మొహానికి తగిలే గాలి ఆమెకు కావాలి. వెచ్చటి గాలి. తగిలినంతసేపు కళ్ళు మూసుకుంటుంది. తెరిస్తే మళ్ళీ గుట్టంత దుప్పట్లు.

ఏళ్ళ తరబడి ఆ చేతులు పైకీ కిందికీ ఆడి కుడిభుజం పట్టేసింది. జడ వేసుకోవడం కూడా కూతురి చేతికే వదిలేసింది. చిరుగులు కుట్టే గదిలో కుర్చీ ఖాళీ అయిందనీ, కూర్చుని చేసుకోవచ్చనీ సూపర్‌వైజరు చెప్పాడు. రేపటికల్లా తేల్చకపోతే ఇంకొకరికి ఇచ్చేస్తానన్నాడు. అడక్కుండా దొరికిన వరమన్నారు తోటివాళ్ళు. ఇందులో ఆలోచించేదేముందని భర్త విసుక్కున్నాడు. పెద్దక్క మాత్రం నీళ్ళు నమిలింది.

మర్నాడు తోడికోడలు నిలదీస్తే కారణం చెప్పక తప్పలేదు. చెప్పాక ఆమెకే సిగ్గేసింది.

"గాలి కోసమా? మరి ఇంట్లో ఫ్యాను దేనికక్కా, అలంకారానికా?"

"అది కరెంటు గాలి. ఇది మనం లేపింది."

తర్వాతి దుప్పటికి తోడికోడలు తొందరపడకుండా ఆగింది. అది నీళ్ళలో ఆకు మునిగినట్టు మెల్లగా, చివరికంటా దిగింది. పెద్దక్క నొప్పెట్టిన తన కుడిభుజాన్ని ఎడమచేత్తో పట్టుకుని అక్కడే కూలబడింది. ఇంత హాయి దొరికిన రోజే ఈ పని ఇక సాగదని తెలిసిపోయింది.

కుర్చీకి ఒప్పుకుంది, ఒక మెలిక పెట్టి. రోజూ తొలి దుప్పటి తనదే. పెద్దక్కకి చాదస్తం ముదిరిందని సూపర్‌వైజరు నవ్వాడు గానీ కాదనలేదు.

ఇప్పుడు పొద్దున్నే, కుట్టుగదికి వెళ్ళేముందు, ఇక్కడికొచ్చి నిలబడుతుంది. కళ్ళ కింద తీరని నిద్ర. ఎడమచేయి పైకి లేస్తుంది, కుడిది ఛాతీ దాకానే. దుప్పటి కూడా ఒక పక్కకి ఒరిగి, వంకరగా లేస్తుంది. అయినా తోడికోడలు లాగదు.

ఆమె గురించి పత్రికలో రాద్దామని వచ్చినాయన ఒక పూట దగ్గరికి వెళ్ళి, భుజం ఎలా ఉందమ్మా అని పలకరించాడు. ఆమె కొసలు సర్దుకుంటూ అలసటగా చూసింది.

"కాస్త పక్కకి జరుగు నాయనా. గాలికి అడ్డంగా నిలబడ్డావు."