సిరిసిల్ల బెడ్డు

మా వార్డులో ఎవరినీ పేరుతో పిలవరు. పేర్లు ఫైళ్లలో ఉంటాయి. మంచం ఎక్కి చేతికి సూదులు పెట్టించుకున్నాక మనిషికి ఊరి పేరే పేరు. నేను కోరుట్ల. నా కుడి పక్క మంచం మీద ఉండే ఆవిడ జగిత్యాల. ఆమెకు అవతల ఉండే పెద్దాయన సిరిసిల్ల. ఈ అలవాటు ఎవరు మొదలుపెట్టారో తెలియదు, నేను వచ్చేసరికే ఉంది. మొదటిరోజు టెక్నీషియన్ అమ్మాయి “కోరుట్ల మేడం, బరువు చూస్కోండ్రి” అన్నప్పుడు నాకు ఒళ్లు మండింది. ఇన్నేళ్లు బడిలో పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని, నాకో పేరుంది, దాన్ని పలకడానికి నోరు రాదా అనుకున్నాను. కొన్నాళ్లు పోయాక ఆ పిలుపే నయం అనిపించింది. కోరుట్ల అనే మనిషికి రోగం వస్తే నాకేం?

కిడ్నీలు చెడిపోయినవాళ్లకు రక్తం కడిగే మిషన్లు ఆ వార్డు నిండా ఉంటాయి. వారానికి మూడుసార్లు, పొద్దున్నే కోరుట్లలో బస్సెక్కి జగిత్యాలలో దిగేదాన్ని. మా ఊళ్లో జాగా లేక ఇక్కడికి రాసుకున్నాను. మా ఆయన మస్కట్‌లో ఉంటాడు. నేను మంచం ఎక్కే వేళ చూసుకుని ఫోన్ చేసి “ఎట్లున్నవ్” అంటాడు. “మంచిగున్న” అంటాను. అందులో అబద్ధమేమీ లేదు. నొప్పి ఉండేది కాదు, భయం ఉండేది కాదు, ఇంకేదీ కూడా ఉండేది కాదు. ఎవరైనా జాలిగా చూస్తే మాత్రం కోపం వచ్చేది. నాలో పనిచేస్తున్నది అదొక్కటే.

మిగతా సమయమంతా ఊళ్ల కొట్లాట. కదలకుండా పడుకోవాలి, చెయ్యి చాపి ఉంచాలి, టీవీలో ఎప్పుడూ అదే భక్తి చానెల్. ఇక మాటలు తప్ప ఏముంది? మొదలుపెట్టేది ఎప్పుడూ సిరిసిల్ల పెద్దాయనే.

“కోరుట్లల పొయ్యి మీద కూర మాడితె దుబాయ్‌ల ఉన్నోనికి వాసనత్తది. గన్ని ఫోన్లు మీయి.”

“నయమే అన్నా,” అనేదాన్ని. “సిరిసిల్లల మొగడు పెండ్లాం ముచ్చట పెట్టుకుంటె పక్కూరు వేములాడల ఇనవడ్తది. మీకు ఫోన్లతోని పనే లేదు.”

ఆ మాటకు జగిత్యాల ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వేది. ఆమె బస్టాండు దగ్గర టిఫిన్ సెంటర్ నడిపేది, ఇప్పుడు కోడలు నడుపుతోంది. నవ్వగానే నేను ఆమె మీద పడేదాన్ని. “జగిత్యాలోళ్లకు నడూర్ల గడియారం టవర్ కనవడకుంటె ఇంటికి తొవ్వ దొరకదు. పెండ్లిపిల్ల ఇల్లేడ అంటె టవర్ నుంచి ఎడమకు అంటరు.” ఆమె ఊరుకునే రకం కాదు. “మాకు టవరన్న ఉన్నది. మీకేమున్నది, దుబాయ్ పైసలతోని కట్టి తాళాలేసిన బిల్డింగులు,” అనేది.

సిరిసిల్ల పెద్దాయన కావాలని గట్టిగా మాట్లాడేవాడు కాదు. జన్మంతా సాంచెల నడుమ గడిపాడు. సాంచె అంటే వాళ్ల భాషలో మరమగ్గం. అవి వరసగా ఆడుతుంటే పక్కవాడి మాట వినపడదు, అందుకని అందరూ అరిచి మాట్లాడతారు, సాంచెలు ఆగాక కూడా అరిచే మాట్లాడతారు. ఆయనకు చెవులు సగమే పనిచేసేవి. మిషన్ కూత పెడితే మేమే టెక్నీషియన్‌ను పిలిచేవాళ్లం. వేళ్లు మాత్రం బాగా పనిచేసేవి. ఏ కొత్త దుప్పటి వేసినా రెండు వేళ్ల మధ్య నలిపి చూసేవాడు.

“గీ దుప్పటి మా దగ్గర్ది గాదు. మాదైతె గిట్ల దారాలు లేస్తయా?”

“మీదైతె దారాలు లేవయన్నా,” అనేది జగిత్యాల. “ఒక్కసారి ఉతికితె దుప్పటి పోయి రుమాలైతది.”

నేనూ నవ్వేదాన్ని. నవ్వు నోటి వరకే ఉండేది, లోపల ఏమీ కదిలేది కాదు. అయినా ఆ రెండు ఊళ్ల కోసం ఇంటి దగ్గర కొత్త మాటలు వెతుక్కునేదాన్ని. బియ్యం కడుగుతూ ఒకటి తోస్తే మర్చిపోకుండా మనసులో పెట్టుకునేదాన్ని. ఆ రోజుల్లో నేను శ్రద్ధగా చేసిన పని అదే.

పెద్దాయనకు ఒకటే కోరిక, సిరిసిల్లకు పోవాలని. అక్కడి సెంటర్‌లో ఖాళీ లేక జగిత్యాలలో బిడ్డ ఇంట్లో ఉండేవాడు. బిడ్డ, అల్లుడు కంటికి రెప్పలా చూసుకునేవాళ్లు. వేరే గది, ఉప్పు లేని కూర, వేళకు మందులు. బిడ్డ ఇంట్లో ఎక్కువకాలం ఉండటం ఆయన తరం మగవాళ్లకు నామోషీ కాబట్టి కారణం అదేనని మేము అనుకున్నాం. అడిగితే కాదన్నాడు.

“బిడ్డ ఇంట్ల తక్వేం లేదు చెల్లె. సప్పుడే లేదు. మా ఇంటెన్క కార్ఖాన. పొద్దంత, రాత్రంత సాంచెలు ఆడుతయి. గా సప్పుడు లేకుంటె నాకు నిద్ర పట్టది. ఈడ కన్ను మూస్తె సచ్చిపోయినట్టే అనిపిస్తది.”

ఆ రోజు ఇద్దరం ఆయన్ని ఏమీ అనలేదు. ఆయన నిద్రపోయి నెలలు గడిచాయని ముఖం చూస్తే తెలిసేది.

మాలాంటి వాళ్లకు బెడ్డు ఖాళీ కావడమంటే ఏమిటో చెప్పాలి. మందులతో నయమై ఇంటికి పోయే రోగం కాదు ఇది. కిడ్నీ మార్పించుకునే స్తోమత మా వార్డులో ఎవరికీ లేదు. ఒక మనిషి పోతేనే ఇంకో మనిషికి జాగా. అందుకని ఒక కట్టుబాటు ఉండేది. ఎవరైనా తమ ఊళ్లో బెడ్డు దొరికిందని చెబితే మంచిగైంది అనాలి, సంతోషపడాలి. అది ఎవరిదని మాత్రం అడగకూడదు. దాన్ని ఎవరూ నేర్పలేదు, అందరికీ తెలుసు. పెద్దాయన అప్పుడప్పుడు సిరిసిల్లకు ఫోన్ చేసి, పెట్టేసి, “లేదట” అనేవాడు.

“మీ సిరిసిల్లోళ్లు గట్టోళ్లే అన్నా,” అనేది జగిత్యాల. “ఒక్కలు గూడ జాగ ఇస్తలేరు.”

ఆయన ఛాతీ విరిచేవాడు. “మరేమనుకున్నవ్? సాంచెల కాడ పెరిగిన పానాలు. అల్కగ పోవు.”

వినేవాళ్లకు ఇది పాపిష్టి మాటలా ఉంటుంది. బయట వరండాలో కూర్చునే బంధువులు కొందరు ముఖాలు మాడ్చుకునేవాళ్లు. వాళ్ల ముఖాల సంగతి మాకెందుకు? సూదులు గుచ్చించుకున్నది మేము.

సిరిసిల్ల సెంటర్ నుంచి ఫోన్ వచ్చినప్పుడు ఆయన మంచం మీదే ఉన్నాడు. సరిగా వినపడదు కాబట్టి ఎప్పుడూ స్పీకర్ పెట్టేవాడు. ఆ మాటలు వార్డంతా విన్నది.

“పెద్దాయనా, జాగైంది. అచ్చే సోమవారం నుంచి రా. పొద్దటి పూట నీది.”

జగిత్యాల ఆవిడ సూదుల్లేని చెయ్యి పైకెత్తి ఊపింది. అటు పక్క మంచాల వాళ్లు కూడా నవ్వారు. అప్పుడు పెద్దాయన అడగకూడని మాట అడిగేశాడు. అరిచి మాట్లాడే అలవాటు కదా, అరిచే అడిగాడు.

“ఎవలిది?”

అవతలి మనిషి కొంచెం తడబడ్డాడు. తర్వాత చెప్పాడు. “అదే, నీ కార్ఖానల నీ పక్క సాంచె మీద జేసినాయన. నిన్న పొద్దుగాల పోయిండు.”

పెద్దాయన ఫోన్ పెట్టలేదు. అవతలివాడే పెట్టేశాడు. పెళ్లి కాకముందు నుంచి ఆ ఇద్దరూ పక్కపక్కనే పనిచేశారని మాకు తెలుసు. ఒకరి సాంచె దారం తెగితే ఇంకొకరు చూసుకునేవాళ్లు. అతనికీ ఇదే రోగమని, అక్కడే మంచం ఎక్కుతున్నాడని కూడా పెద్దాయనే చెప్పాడు. ఊరికి పోతే ఇద్దరం మళ్లీ పక్కపక్కన పడుకుంటామని ఆశపడేవాడు.

“ఆని జాగల నేనెట్ల పండుకోవాలె,” అన్నాడు. మొదటిసారి మెల్లగా మాట్లాడాడు. “నేను పోను. రానని చెప్త.”

పోకపోతే ఆ బెడ్డు మధ్యాహ్నానికల్లా ఇంకొకరికి పోతుంది. మళ్లీ ఎప్పుడొస్తుందో, అప్పటికి ఈయన ఉంటాడో లేడో. నాకు ఆ లెక్క స్పష్టంగా తెలిసింది, గుండె మాత్రం మామూలుగానే కొట్టుకుంది. ఓదార్చడం నాకు చేతకాదు. జగిత్యాలకూ చేతకాదు. ఆమె తనకు తెలిసిన పని మొదలుపెట్టింది.

“పోకుంటె ఏడ పంటవన్నా? టవర్ కిందనా? ఆడ ఆటోలోళ్లు జాగియ్యరు.”

నేను అందుకున్నాను. “ఊకో అక్కా. సిరిసిల్లోళ్లు మాటలకే గట్టోళ్లు. కోరుట్లోళ్లమైతె గీపాటికి బస్సుల సీటు మీద రుమాలేద్దుము.”

“దోస్తు జాగను బయటోళ్లకిస్తరా ఎవలన్న?” అంది జగిత్యాల. “మా దిక్కు గట్ల ఇయ్యరు. మీ సిరిసిల్ల రివాజేమో.”

ఆయన ఆమె వైపు తిరిగాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. “మా రివాజు నీకేం తెలుసు జగిత్యాలా?” అన్నాడు, మళ్లీ పాత గొంతుతో. “సూడు, పోతనో లేదో.”

చివరి రోజు ఆయన బిడ్డ ఫ్లాస్కు నిండా ఐసు ముక్కలు తెచ్చింది. మాకు చాయ్ పోయొద్దు, స్వీటు పెట్టొద్దు, నీళ్లు గుటక లెక్కన తాగాలి. ఐసు ముక్క నోట్లో పెట్టుకుని చప్పరించడమే మాకు దావత్. ఆ అమ్మాయి మంచం మంచానికీ తిరిగి తలా ఒక ముక్క ఇచ్చింది. తండ్రి వెళ్లిపోతున్నాడని ఆమెకు ఏడుపు, తన ఇంట్లో ఏం తక్కువైందని కోపం, రెండూ ముఖం మీదే ఉన్నాయి. ఆయన మాకు చెప్పిన కారణం ఆమెకు చెప్పలేదట. నేను చెప్పాను. “సప్పుడు కోసమా?” అని వెనక్కి తిరిగి తండ్రిని చూసింది.

తర్వాత వారానికోసారి ఫోన్ చేసేవాడు. జగిత్యాల ఆవిడ స్పీకర్ పెట్టేది. బాగా నిద్రపడుతోందన్నాడు. మొదటిరోజు ఆ మంచం మీద పడుకోవడానికి మనసొప్పలేదని, దుప్పటి మాత్రం వాళ్ల దగ్గరిదేనని అన్నాడు. కానీ ఒక బాధ చెప్పుకునేవాడు.

“ఈడ అందరు సిరిసిల్లోళ్లే. ఎవలనేమనాలె? ఒక్కడు నవ్వడు, ఒక్కడు ఉల్టా మాటాడడు. గది గాదు గని, నన్నేమని పిలుస్తున్నరో ఎరికేనా? జగిత్యాల అంటున్నరు. ఆడికెల్లి అచ్చిన గద. ఈడ పుట్టిన, ఈడ పెరిగిన, నేను జగిత్యాలనట.”

జగిత్యాల ఆవిడకు నవ్వు ఆగలేదు. “మంచిగైంది. మా ఊరి ఇజ్జత్ పోకుంట చూసుకో,” అంది. ఆయన ఒకటి తిట్టి పెట్టేశాడు. పది నిమిషాలకు మళ్లీ చేసి, సూది నొప్పి లేకుండా పెట్టేది మాత్రం మన టెక్నీషియన్ పిల్లేనని ఒప్పుకున్నాడు.

ఆయన మంచం మీదకు మా దగ్గర కొత్త మనిషి వచ్చాడు. నలభై ఉంటాయేమో, సిరిసిల్ల పక్క పల్లె, సరిగా కూర్చోలేకపోయేవాడు. భార్య ప్రతిసారీ వెంట వచ్చేది. రెండు బస్సులు మారి వచ్చేవాళ్లు. ఇక్కడ ఎక్కువ ఉండబోమని, సిరిసిల్లలో చెప్పి పెట్టామని అందరితో అనేది. అతన్ని ఏమని పిలవాలో మాకు తోచలేదు. సిరిసిల్ల అని నోరు రాలేదు. తమ్ముడు అన్నాం.

ఒక వారం పెద్దాయన ఫోన్ రాలేదు. జగిత్యాల ఆవిడ నన్ను చేయమంది, నేను ఆమెను చేయమన్నాను. ఇద్దరం చేయలేదు.

ఆ తర్వాతి బుధవారం నేను వెళ్లేసరికి ఆ తమ్ముడి భార్య నవ్వు ముఖంతో ఎదురొచ్చింది. “అక్కా, మాకు సిరిసిల్లల బెడ్డు దొరికింది. ఎల్లుండి నుంచి ఆడికే. పొద్దటి పూటనే.”

“మంచిగైంది,” అన్నాను. బరువు చూసుకున్నాను. మంచం ఎక్కి చెయ్యి చాపాను. సూదులు పెట్టారు. నేనేమీ అడగలేదు. జగిత్యాల కూడా అడగలేదు. మాకు ఆ కట్టుబాటు తెలుసు. పాపం, ఆ పిల్లకు తెలియదు. కొత్తది.

మా మంచాల మధ్య నిలబడి, భర్త దుప్పటి సర్దుతూ చెప్పింది. “జగిత్యాలాయనదట అక్కా గా బెడ్డు. సోమవారం పోయిండట. ఫోన్ల గట్లనే అన్నరు, జగిత్యాలాయన జాగైంది, రాండ్రి అని. మీ ఊరాయనే గద. మీకెరికేనా?”

జగిత్యాల ఆవిడ ఆ పిల్లను దగ్గరికి రమ్మని, సూదుల్లేని చేత్తో ఆమె చెయ్యి పట్టుకుంది.

“మా ఊరాయన గాదు బిడ్డా,” అంది. “జగిత్యాలకు ఆయనకు ఏం సంబంధం లేదు. ఆయన సిరిసిల్లాయన. నువ్వు ఆడికి పోయినంక అందరికి చెప్పు, సిరిసిల్లాయన అని చెప్పు.”

నాకు ఏడుపు వచ్చింది. చాలా కాలానికి వచ్చింది కాబట్టి ఆపుకోలేదు.