చూసేవాళ్లు లేని నాటకం

ఇప్పుడు ఫోనులో రెండు ముక్కలు రాసి పెట్టి, ఎవరైనా మెచ్చుకున్నారేమోనని అన్నం తింటూ కూడా తీసి చూసుకుంటున్నాను గానీ, ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపులో కొత్తగా చేరిన ఆ రోజుల్లో నా దురాశ ఇంతకంటే పెద్దది. నేను రాసిన యుద్ధం నాటకానికి ట్రాఫిక్ అనే మా రైల్వే కాలనీలో, మా వరస క్వార్టర్ల తెలుగువాళ్లంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టాలి. (నాటకం పేరు అడక్కండి, ఇప్పటికీ సిగ్గే.) నిజానికి అందులో నాలుగే పాత్రలు. రైలు గార్డుగా చేసే మా మావయ్యకి రాజు వేషం ఇచ్చానో లేదో, పక్క క్వార్టరు అత్త గుమ్మంలోకి వచ్చి, "మేం ఏటి పాపం సేసినాం?" అంది. ఆవిడని రాజమాతని చేశాను. దాంతో ఎదురింటివాళ్లు మాట్లాడడం మానేశారు. వాళ్లని సైన్యంలో చేర్చుకున్నాను. మిగిలినవాళ్లంతా శత్రుసైన్యం. వీడియో తీస్తానన్న తమ్ముడు కూడా కత్తి కావాలని పేచీ పెట్టాడు.

నాటకం ఆడే సాయంత్రం తెర సందులోంచి చూద్దును కదా, ఇందా బజారు నుంచి కుర్చీలు అద్దెకి తెచ్చిన బెంగాలీ దాదా ఒక్కడే కూర్చుని ఉన్నాడు. చూడాల్సిన జనమంతా నా వెనకాలే మీసాలు అంటించుకుంటున్నారు! "ఆపేద్దాం మావయ్యా, చూసేవాళ్లే లేరు" అన్నాను, ఏడుపు గొంతుతో.

"బండిలో ఎవుడూ ఎక్కలేదని నాను జెండా ఊపడం మానీసినానేట్రా? కిరీటం ఎట్టీసుకున్నాను, తెర తియ్యి" అన్నాడు మావయ్య.

తీశాను. యుద్ధం మొదలైంది. చచ్చిన సైనికుడల్లా మెల్లిగా లేచి, కిందికి దిగి, కుర్చీలో కూర్చుని నాటకం చూడసాగాడు. శత్రువులు చచ్చారు, మావాళ్లు చచ్చారు, రాజమాత కూడా పోయి ముందు వరసలో చోటు చూసుకుంది. రాజు ఒంటరిగా మిగిలేసరికి కుర్చీలన్నీ నిండిపోయాయి. నేను మాత్రం తెర పక్కన నిలబడి, రాజు ఆఖరి మాటలకి పెదవులు కదుపుతూ లోకం మరిచిపోయాను. నేనే రాసి నేనే చంపిన రాజు కోసం వెక్కి వెక్కి ఏడ్చాను.

మావయ్య చెమటలు కక్కుతూ లోపలికి వచ్చి, "ఒకడూ కూసోనేదు, అందరూ లెగిసి కొట్టినారు! సప్పట్లు ఇన్నావేట్రా?" అన్నాడు.

"రాజు చచ్చిపోయాడు మావయ్యా" అన్నాను ముక్కు చీదుకుంటూ.

"నాను బతికే ఉన్నాన్రా బాబూ!" అని మావయ్య నన్ను పట్టుకుని ఊపేశాడు.

అంత కోరుకున్న చప్పట్లు నా చెవిన పడనే లేదు. పడలేదన్న బాధా లేదు, ఆ రాత్రి గాల్లో తేలుతూ ఇంటికి వెళ్లాను. ఇప్పుడు ఫోను తీసినప్పుడల్లా ఆ తెర చాటు కుర్రాడు గుర్తొస్తాడు. వాణ్ణి తలుచుకుంటే నవ్వొస్తుంది, కాస్త అసూయ కూడా వేస్తుంది.