బఠానీ గింజంత పేస్టు

మా ఇంట్లో వెండి పట్టీలు మెరిసినట్టు మా వీధిలో ఎవరింట్లోనూ మెరవవు. ఆ ఘనత మా బాపుది, అంటే మా నాన్నది. నేను తెచ్చిన టూత్‌పేస్టు డబ్బా మీద ఫ్లోరైడ్ అన్న మాట కనబడితే చాలు, దాన్ని మాయం చేసి పట్టీలు తోమడానికి వాడేసేవాడు. నా కూతురికి మాత్రం వేపపుల్ల, ఉప్పు.

ఆయన పగకు కారణం నా నోట్లోనే ఉంది. షాద్‌నగర్ అవతల మా ఊళ్లో నా చిన్నప్పుడు అందరం బోరు నీళ్లే తాగాం. ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. పాలపళ్ళు ఊడి కొత్తవి వచ్చేసరికి వాటి నిండా గోధుమరంగు చారలు. బడిలో నన్ను గుట్కా పళ్ళ పిల్ల అన్నారు. అప్పటినుంచి నవ్వొస్తే చేయి దానంతటదే నోటికి అడ్డం పోతుంది. ఎయిర్‌పోర్టులో కౌంటర్ దగ్గర ఉద్యోగం వచ్చాక కూడా ప్రయాణికులకు మూతి విప్పకుండానే నవ్వేదాన్ని. ఇంట్లో నేను నవ్వితే బాపు మొహం తిప్పుకునేవాడు. అది నాకు చారలకన్నా ఎక్కువ బాధగా ఉండేది.

శంషాబాద్‌లో కిరాయి ఇంటికి వచ్చాక వంటింట్లో ఫిల్టర్ మిషన్ పెట్టించాం. ఇక ఫ్లోరైడ్ పీడ విరగడైందని బాపు వీధంతా చెప్పుకున్నాడు.

ఒకటో తరగతిలో ఉండగా నా బిడ్డ పంటి నొప్పితో ఏడ్చింది. ముగ్గురం దవాఖానకు పోయాం. నొప్పి పెట్టింది పుచ్చిన పాలపన్ను. డాక్టరమ్మ దాన్ని తీసేసి, వెనకాల కొత్తగా వచ్చిన దవడ పన్ను మీద సున్నం లాంటి తెల్లమచ్చ చూపించింది.

"పాలపన్ను పోయినా ఫర్వాలేదండీ. ఇది మాత్రం జీవితాంతం ఉండాల్సిన పన్ను. పుచ్చడం ఇప్పుడే మొదలైంది. ఫ్లోరైడ్ పూత వేస్తే ఆగొచ్చు. ఇంట్లో ఏ పేస్టు వాడుతున్నారు?"

నేను బాపు వైపు చూశాను. ఆయన అప్పటికే లేచి నిలబడ్డాడు.

"విషం పూస్తరా అమ్మా? ఇగో, నా బిడ్డ పండ్లు చూడుండ్రి! నోరు తెరువు బిడ్డా!"

"బాపూ! నా నోరేమన్న ఎగ్జిబిషనా?" అని అందరి ముందే అరిచాను. కోపంలో నోరు పూర్తిగానే తెరుచుకుంది.

డాక్టరమ్మ నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, చిన్న అద్దం పెట్టి ప్రతి పన్నూ చూసింది. సిగ్గుతో చచ్చిపోయాను.

"మచ్చలున్నాయి గానీ ఒక్క పన్నూ పుచ్చలేదండీ," అంది. తర్వాత బాపు వైపు తిరిగింది. "పెద్దాయనా, మీ భయం ఊరికే పుట్టలేదు. పళ్ళు తయారయ్యే వయసులో రోజూ తాగే నీళ్లలో ఎక్కువైతే ఇలాగే చేస్తుంది. మరీ ఎక్కువైతే ఎముకల్నీ పాడుచేస్తుంది. కానీ పన్నుకి పైపైన కొద్దిగా తగిలితే అదే బలం. పాపకి బఠానీ గింజంత పేస్టు చాలు. మింగకుండా ఉమ్మేయాలి. పక్కన పెద్దవాళ్ళు ఉండి చూసుకోవాలి."

"అంటే కూరల ఉప్పు లెక్కనా?"

"అచ్చంగా అంతేనండీ."

పూత వేయించుకుని ఆటోలో ఇంటికొచ్చాం. రాగానే బాపు వంటింట్లోంచి ఎండు బఠానీ గింజ ఒకటి తెచ్చి వాష్‌బేసిన్ గట్టు మీద పెట్టాడు.

"ఇంతనే. దీనికి మించి పెడితే ఊకోను."

మర్నాటి నుంచి ఆయన కాపలా మొదలైంది. గింజ పక్కన పేస్టు పెట్టి కొలత చూసేవాడు. స్ట్రాబెర్రీ వాసనకు పిల్ల మింగబోతే "ఉమ్ము! జర ఉమ్మే తల్లీ!" అని కింది వాటా వాళ్ళు లేచేలా అరిచేవాడు. మా పట్టీలు నల్లబడ్డాయి.

కొన్ని నెలలకు మళ్ళీ చూపించుకోవడానికి వెళ్ళాం. డాక్టరమ్మ ఆ పన్నును గాలితో ఆరబెట్టి చాలాసేపు చూసింది. బాపు నా మోచేయి గట్టిగా పట్టుకున్నాడు.

"ఆగిపోయిందండీ. గట్టిపడింది. డ్రిల్లింగ్ అక్కర్లేదు."

బిడ్డను రెండు చేతులతో ఎత్తుకుని పగలబడి నవ్వాను. అడ్డం పెట్టడానికి చేయి ఖాళీగా లేదు. చూస్తే బాపు మొహం తిప్పుకోలేదు. నా పళ్ళవైపే చూస్తున్నాడు.

"గట్టి పండ్లు బిడ్డా నీయి," అన్నాడు. "నవ్వు."

శంషాబాద్ మెయిన్ రోడ్డు దాకా నవ్వుతూనే వచ్చాను.