ఈ ఏటి పాటల్లో నాకు వినపడనివి

మిత్రుడు ఆల్బమ్ పెట్టి కళ్లు మూసుకున్నాడు. పక్కనున్న ఇద్దరూ తలలూపడం మొదలుపెట్టారు. నేను కాసేపు వాళ్లను చూసి, "ఇంకా మొదలవలేదేంటి?" అన్నాను.

ముగ్గురూ నవ్వారు.

"మొదలై చాలాసేపైంది గురూ," అన్నాడు మిత్రుడు. "డెస్కులో ఉన్నప్పుడూ ఇంతేగా. పేపరు అచ్చుకెళ్లాక వచ్చి అడిగేవాడివి, ఏమిటీ విశేషాలని."

నేనూ నవ్వాను. ఈలోగా కింది స్వరాల్లో మోగే బేస్ గిటార్ అందుకుంది. నాకు పాట అక్కడే మొదలైంది. కానీ అంతకుముందు నుంచీ మిత్రుడి వేలు కుర్చీ చేతి మీద తాళం వేస్తూనే ఉంది. డ్రమ్స్ పక్కన నిలబెట్టే ఇత్తడి పళ్లేల మీద పుల్ల కొసతో వాయించే దరువుతో ఆ పాట మొదలవుతుందట. ఆ దరువును నేను అతని వేలు మీద చూశాను. చెవికి మాత్రం అందలేదు. నా వంతు రాకముందే తలనొప్పి అని చెప్పి లేచి వచ్చేశాను.

మేం నలుగురం ఒకప్పుడు ఒకే దినపత్రికలో పనిచేశాం. పేజీలు తగ్గాక చెదిరిపోయి, తలా ఒక ఆఫీసులో కంపెనీల కోసం రాస్తూ, ఎవరో రాసింది దిద్దుతూ బతుకుతున్నాం. పాత రోజుల నుంచి మిగిలింది ఈ డిసెంబరు ఆదివారం ఒక్కటే. నిజాంపేటలో మిత్రుడి ఫ్లాట్‌లో కూర్చుంటాం. ఆ ఏడాది వచ్చిన రాక్, పాప్ ఆల్బమ్‌లలో తనకు బాగా నచ్చినదాన్ని ఒక్కొక్కరూ తేవాలి. మొదటి పాట నుంచి చివరిదాకా అందరం మాట్లాడకుండా వినాలి. ఆ తర్వాత ఎంతైనా పోట్లాడుకోవచ్చు. పాతవి పనికిరావు. ఈ వయసులో పాతదాన్ని ప్రేమించడం గొప్ప కాదు, కొత్తదానితో ప్రేమలో పడి చూపించమంటాడు మిత్రుడు.

అందుకని ఏడాదంతా వింటాను. గోపన్‌పల్లిలో క్యాబ్ ఎక్కితే మాదాపూర్ ఆఫీసు చేరేలోగా ఒక ఆల్బమ్ అయిపోతుంది. వానరోజుల్లో అదే ఆల్బమ్ రెండోసారి కూడా అయిపోతుంది.

ఈ ఏడు ఆ వానల్లోనే ఏదో తేడా కొట్టింది. ఏది విన్నా మసకగా ఉంది. "అందరూ దుప్పటి కప్పుకుని రికార్డు చేస్తున్నారయ్యా," అని మిత్రుడికి ఫోన్లో చెప్పాను. ఇయర్‌ఫోన్లు మార్చమన్నాడు. మార్చినా అంతే. సంబంధంలేని మనుషులందరూ ఒకే తప్పు చెబుతుంటే, తప్పు అడిగేవాడి దగ్గరుందేమో చూసుకోమని విలేకరిగా చేరిన కొత్తలో నేర్పారు. అది పాటలకూ వర్తిస్తుందని నాకు తోచలేదు.

నిజాంపేట నుంచి వచ్చిన వారంలో దవాఖానకు వెళ్లాను. అద్దాల గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినపడితే బటన్ నొక్కమన్నారు. నొక్కకుండా చాలాసేపు ఊరికే కూర్చున్నాను. డాక్టర్ చిన్నవయసు అమ్మాయి. కాగితం మీద గీత చూపించింది. సగందాకా నేరుగా వచ్చి, అక్కడి నుంచి గుట్ట దిగినట్టు జారిపోయింది.

"పై స్వరాలు పోయాయి సార్. మళ్లీ రావు. చెవికి మెషిన్ పెట్టుకుంటే మాటలు బాగానే వినపడతాయి."

"పాటలు?"

"ఆ మెషిన్లు మాటల కోసం చేసినవి సార్. పాటల గురించి నేను మాటివ్వలేను."

మెషిన్ పెట్టించుకుని అక్కడే ఒక పాట విన్నాను. గాయని గొంతు రైల్వే స్టేషన్‌లో ప్రకటనలా వచ్చింది. తీసి ఇచ్చేశాను.

ఈ ఏటికి నేను అనుకున్నది ఒకామె తన ఇంట్లోనే పియానోతో, నాలుగు తీగ వాద్యాలతో చేసుకున్న పాప్ ఆల్బమ్. ఏడాది మొదట్లో విన్నాను. రెండో పాటలో పియానో పైన సన్నగా ఏదో మెరుస్తూ ఉండేదని గుర్తు. ఇప్పుడు వింటే పియానో ఒక్కటే ఉంది. ఆ మెరుపు నిజంగా ఉందో, నేనే కల్పించుకున్నానో తెలియక, ఒక ఇయర్‌బడ్ మా ఆవిడ చెవిలో పెట్టి, రెండోది నేను పెట్టుకున్నాను. నా ఇంగ్లిష్ పాటలన్నిటికీ ఆమె పెట్టిన పేరు గోల.

"ఏం వినపడుతోంది?"

"ఎవరో ఒకామె ఏడ్చినట్టు పాడుతుంది."

"అది నాకూ తెలుసు. దాని పైన?"

"పైన అంటే ఏంది?" అని ఆగింది. "ఆఁ, ఏదో గలగల అంటుంది. గాజులు తీసి గిన్నెల ఏస్తున్నట్టు. ఇగ ఆగింది. మళ్ల షురువైంది."

"ఎక్కడ?"

"ఇగో, ఇప్పుడు," అంటూ చెయ్యెత్తింది. ఆ చెయ్యి చాలాసేపు అలాగే ఉంది. నాకు పియానో వినపడుతోంది.

"మంచిగనే ఉంది," అంది చెయ్యి దించి. "మీకు నిజంగ వినొస్తలేదా?"

లేదన్నాను. జర ఆగమని ఇయర్‌బడ్ తీయకుండా ఆల్బమ్ చివరిదాకా విన్నది. ఇన్నేళ్లలో నావి ఏవీ అలా వినలేదు. మధ్యలో రెండుసార్లు నవ్వింది. దేనికో నేను అడగలేదు.

మిత్రుడికి ఫోన్ చేసి సంగతి చెప్పాను. "అయితే బేస్ దంచేవాళ్లను చూసుకో గురూ, ఉన్నారు బోలెడు," అన్నాడు. నా వంతు మిగిలిపోయిందని, ఆదివారం రమ్మని అన్నాడు. తెచ్చినవాడే తన ఆల్బమ్ తరఫున వాదించాలన్నది మా పద్ధతి. సగమే వినపడేదాని గురించి ఏం వాదించాలో తోచలేదు. చూద్దాంలే అన్నాను.

ఇంకా వినపడుతున్న ఆ సగం గురించీ ఎవరూ మాటివ్వలేదు. ఆ గీత ఇక్కడే ఆగుతుందా, మనుషుల గొంతులుండే చోటిదాకా జారుతుందా అన్నది వేసవి తర్వాత మళ్లీ పరీక్ష చేస్తేగానీ తెలియదంది డాక్టర్.