ఊ అంటేనే ఫొటో

చోడవరంలో పెళ్లయినవాళ్లలో సగం మంది గణపతిరావు "ఊ?" అని అడిగితే "ఊ" అని తలూపినవాళ్లే. ఆ మాట వినకుండా ఆయన ఫొటో తీయడు. తలంబ్రాలు పడిపోతున్నా, పురోహితుడు విసుక్కుంటున్నా, వీడియో తీసేవాడు మోచేత్తో పొడుస్తున్నా సరే, కెమెరా పక్కనుంచి మొహం బయటపెట్టి "ఊ?" అంటాడు. అవతలివాళ్లు ఊ అన్నాకే నొక్కుతాడు. ఈలోగా తలంబ్రాలు సగం నేలపాలు. గణపతిరావు ఆల్బమ్‌లో బియ్యం తక్కువ, నవ్వులు ఎక్కువ అని ఊళ్లో వేళాకోళం చేస్తారు గానీ, పెళ్లి కుదిరితే మళ్లీ ఆయన దగ్గరికే వస్తారు.

ఈ చాదస్తం తండ్రి నుంచి వచ్చింది. ఆయన నల్లగుడ్డ కప్పుకుని ఫొటోలు తీసిన కాలం మనిషి. అడక్కుండా ఫొటో తీస్తే ఎదుటివాడి జేబులో చెయ్యి పెట్టినట్టేనని కొడుక్కి నూరిపోశాడు. అందుకే పసిపిల్లలకి ఫొటో తీసేటప్పుడు గణపతిరావు తల్లిని అడుగుతాడు. చనిపోయినవాళ్లకి తీయాల్సివస్తే ఇంటి పెద్దని అడుగుతాడు. ఒకసారి ఎవరో పాడి గేదెని అమ్మకానికి పెట్టడానికి ఫొటో కావాలంటే, గేదెని కూడా "ఊ?" అన్నాడని చెప్పుకుంటారు. అది మాత్రం ఆయన ఒప్పుకోడు.

ఫోన్లు వచ్చాక స్టూడియోకి పాస్‌పోర్టు ఫొటోలు తప్ప పెద్దగా మిగల్లేదు. గణపతిరావుకి లోపల ఉక్రోషంగా ఉండేది. ఇన్నేళ్లు ఊరందరి మొహాలూ తీశాను, నేను తీసిన ఫొటో ఒక్కదాన్నీ ఎవరూ ఆగి చూడలేదే అని బాధ. రోడ్డు మీద పోయేవాళ్లంతా తలెత్తి చూసే ఫొటో ఒక్కటి తీయాలని కోరిక పుట్టింది. తప్పేమీ లేదు, ఏ పనివాడికైనా ఉండే కోరికే. ఆ కోరికే ఆయన కొంప ముంచింది.

ఉదయ్‌కుమార్ మేష్టారు కాలేజీలో లెక్చరర్. కళ్లముందు పిల్లలు గంజాయికి పోతుంటే చూడలేక, నలుగురిని పోగేసి ఒక యువజన సంఘం పెట్టాడు. ఆయన ఒకరోజు స్టూడియోకి వచ్చి, "గణపతిరావుగారూ, గంజాయి వద్దని జంక్షన్‌లో ఫ్లెక్సీ కడదామనుకుంటున్నాం. నెట్‌లోంచి ఎవరో తెల్లవాడి ఫొటో తీసి పెడితే మనవాళ్లకి ఎక్కదు. మన ఊరి ఫొటో కావాలి," అన్నాడు.

మర్నాడు పొద్దున్నే గణపతిరావు బస్టాండు వెనకున్న పాడుబడ్డ షెడ్డుకి వెళ్లాడు. అక్కడ గోడకి చేరబడి బాలు కూర్చుని ఉన్నాడు. సంతలో ఆకుకూరలు అమ్మే అచ్చియ్యమ్మ కొడుకు. గోవాడ ఫ్యాక్టరీకి చెరకు ట్రాక్టర్ తోలేవాడు. గంజాయి మరిగాక వాడికి ట్రాక్టర్ తాళం ఇచ్చేవాళ్లు లేరు. బుగ్గలు లోపలికి పోయాయి. విరిగిన రేకుల్లోంచి ఎండ వాడి మొహం మీద సగానికి పడుతోంది.

ఆ వెలుతురు చూసి గణపతిరావు ఒళ్లు జల్లుమంది. ఇన్నేళ్లలో అలాంటి వెలుతురు ఏ కల్యాణ మండపంలోనూ దొరకలేదు. అయినా అలవాటు మరవలేదు. మొహం బయటపెట్టి, "బాలూ, ఫొటో తీస్తన్నాను. ఊ?" అన్నాడు.

"ఊ," అన్నాడు బాలు. తలెత్తి చూశాడు. నవ్వాడు కూడా.

ఫ్లెక్సీ షాపువాడు కళ్లమీద నల్లపట్టీ వెయ్యమంటారా అని అడిగితే గణపతిరావు కస్సుమన్నాడు. "కళ్లే కదరా ఫొటో! ఆడు ఊ అన్నాడు. ఏటీ అక్కర్లేదు."

నాయకుల పుట్టినరోజు ఫ్లెక్సీల మధ్య, అన్నిటికంటే ఎత్తున, బాలు మొహం లేచింది. కింద ఎర్ర అక్షరాలతో "గంజాయి తాగితే చివరికి ఇదే గతి" అని రాశారు. బస్సులు, ఆటోలు ఆగి మరీ చూశాయి. టీ కొట్టు దగ్గర ఎవరైనా "ఫొటో ఎవుడు తీసేడ్రా బాబూ!" అంటే గణపతిరావు పక్కనే ఉండి ఏమీ ఎరగనట్టు టీ ఊదుకునేవాడు. ఆ వారం ఆయన రోజుకి నాలుగు టీలు తాగాడు.

తరవాతి బుధవారం అచ్చియ్యమ్మ స్టూడియో మెట్లెక్కింది. చేతిలో చక్రకేళీ అరటిపళ్ల అత్తం. ఆమెని చూడగానే గణపతిరావు కుర్చీలోంచి లేచాడు. తిట్టడానికి వచ్చిందనుకున్నాడు. తిట్టినా బాగుండేది.

"బాబూ, మా గుంటణ్ణి ఆ అలవాటు మాన్పించడానికి వైజాగు ఆసుపత్రిలో ఏసేను. ఆడితోనే ఉన్నాను ఇన్నాళ్లూ. ఇయ్యాల బట్టలకోసరం వచ్చేను. ఆటోలోంచి సూద్దును గదా, జంక్షన్లో మావోడి బొమ్మ! అంతెత్తున! పెద్దపెద్దోళ్ల పక్కన!" అంటూ అరటిపళ్లు బల్లమీద పెట్టింది. "నువ్వే తీసేవని సెప్పేరు. ఆడు జొరంతో పడున్నప్పుడు కూడా సూడ్డానికి ఒక్కడూ రాలేదు. ఊళ్లో ఆడిమీద ఇంత ప్రేమున్నాదని నాకు తెల్దు బాబూ."

గణపతిరావుకి అప్పుడు అర్థమైంది. ఆమెకి చదువు రాదు. ఊళ్లో పుట్టినరోజుకీ ఫ్లెక్సీయే, చెవులు కుట్టినా ఫ్లెక్సీయే. తన కొడుక్కి కూడా ఎవరో మేలు కోరి కట్టారనుకుంది. తప్పు ఆమెది ఎలా అవుతుంది?

"కింద ఏటి రాసేరు బాబూ? ఆటోలోవోళ్లని అడగడానికి సిగ్గేసింది. నువ్వు సదివి సెప్పు."

ఆయన బల్లమీది పళ్ల వంక చూశాడు. పెద్దదని ఎప్పుడూ ఆమెని అప్పా అనే పిలుస్తాడు. "బాలు తొందరగా బాగవ్వాలని రాసేరప్పా," అన్నాడు.

ఆమె కళ్లు తుడుచుకుంది. "ఆదివారం పంపించేత్తామన్నారు. బస్సు దిగ్గానే ఆడికి అదే కనపడతాది. ఆడికి అచ్చరం ముక్క వచ్చు, సదువుకుంటాడు. అందాకా దాన్ని ఎవుర్నీ ఇప్పనీకు బాబూ. నీకు పున్నెం ఉంటాది."

ఆమె వెళ్లిపోయాక గణపతిరావు షట్టరు సగం దించి కూర్చున్నాడు. ఏడుపొచ్చింది. ఏడ్చాడు. తరవాత మొహం కడుక్కుని ఉదయ్‌కుమార్ దగ్గరికి వెళ్లాడు.

మేష్టారు అంతా విన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు, మొహం చిన్నబోయింది. కానీ ఒప్పుకోలేదు. "సోమవారం ర్యాలీ ఉంది గణపతిరావుగారూ. మొన్న ఒక తండ్రి కొడుకుని చెయ్యి పట్టుకుని తెచ్చి ఆ ఫ్లెక్సీ కింద నిలబెట్టాడు. ఆ పిల్లాడు ఏడ్చాడు. ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లాలని నన్నే అడిగాడు. ఇన్ని మీటింగులు పెట్టాను, ఒక్కడూ అలా అడగలేదు. ఇప్పుడెలా తీసేయమంటారు?"

"ఆ గుంటడు బాగుపడాలి మేష్టారూ, కాదన్ను. మరి ఈ గుంటడి సంగతి?"

"మీరు అడిగే తీశానన్నారు కదా?"

"అడిగేను."

"ఒప్పుకున్నాడన్నారు."

"ఊ అన్నాడు," అన్నాడు గణపతిరావు. ఎన్ని వేలసార్లు విన్నాడో ఆ మాట. మొదటిసారి తన నోట్లోనే చేదుగా తగిలింది.

శనివారం మధ్యాహ్నం కరెంటు సామాను కొట్టులో నిచ్చెన అడిగి తెచ్చుకుని జంక్షన్‌లో వేశాడు. పట్టపగలు, అందరూ చూస్తుండగా పైకెక్కాడు. ఏటి బాబాయ్, కొత్త ఉద్యోగమా అని కింద నుంచి నవ్వారు. భారీ మనిషి కావడంతో నిచ్చెన ఊగిపోయింది. ఎవరో వచ్చి గట్టిగా పట్టుకున్నారు. కిందికి చూస్తే ఉదయ్‌కుమార్.

"మీరు చేస్తున్నది నాకు ఇష్టం లేదు," అన్నాడు మేష్టారు కోపంగా. "పడి చావకండి. ముందు ఎడమపక్క తాడు కొయ్యండి."

బాలు మొహం మడతలు పడుతూ కిందికి దిగింది. గణపతిరావు దాన్ని చుట్టి చంకన పెట్టుకుని స్టూడియోకి నడిచాడు. గండం గడిచిందనే అనుకున్నాడు పాపం.

ఆదివారం సాయంత్రం బాలు ఒక్కడే వచ్చాడు. తల నున్నగా దువ్వుకుని, చొక్కా గుండీలన్నీ పెట్టుకుని ఉన్నాడు. ఫోన్ తీసి బల్లమీద పెట్టాడు. అందులో జంక్షన్, ఫ్లెక్సీ, ఎర్ర అక్షరాలు. ఎవడో ఫొటో తీసి వాట్సాప్‌లో తిప్పాడు. అది వాడున్న ఆసుపత్రి మంచం దాకా వెళ్లింది. ఆ నిచ్చెన అంతదూరం అందదు.

"నువ్వే తీసేవా బాబాయ్?"

"నేనే."

"అందర్నీ అడుగుతావు గదా. నన్ను అడగలేదేటి?"

"అడిగేను బాలూ. నువ్వు ఊ అన్నావు. నవ్వేవు కూడా."

బాలు ఫోన్ తన వైపు తిప్పుకున్నాడు. "నాకు గుర్తు లేదు," అన్నాడు. "అప్పుడు నేను ఎవుడేటడిగినా ఊ అనీవోణ్ణి బాబాయ్. పీక కొయ్యమంటావేట్రా అన్నా ఊ అందును."

గణపతిరావు తల ఎత్తలేకపోయాడు. తండ్రి నేర్పిన మాటని పట్టుకుని, ఆ మాట వెనక మనిషి ఉన్నాడో లేడో చూసుకోలేదు. లేడని అప్పుడూ తెలుసు. వెలుతురు బాగుందని నొక్కాడు. "తప్పైపోయింది నాయనా," అన్నాడు. బల్లకింద నుంచి ఫ్లెక్సీ చుట్ట తీసి వాడి చేతికిచ్చాడు. "మీ అమ్మకి మాత్రం నేను వేరేలా సెప్పేను."

"సెప్పింది. నేను బాగవ్వాలని రాసేరంట. దారి పొడుగునా అదే మాట. దిగేసరికి లేదు, గాలికి పడిపోయిందనుకున్నాది." బాలు దాన్ని ఒళ్లో పెట్టుకున్నాడు. "అసలుది నేనే సెప్పుకుంటాను. నువ్వు సెప్పకు."

అంతలో అచ్చియ్యమ్మ మెట్లెక్కి వచ్చింది. "ఇక్కడున్నావా ఒరే! బాబూ, ఎలాగూ వచ్చేడు గదా, ఇప్పుడొకటి తియ్యి. సూడు, ఎంత తేటగా ఉన్నాడో."

నిజంగానే తేటగా ఉన్నాడు. గుమ్మంలోంచి సాయంత్రపు ఎండ వాడి చెంప మీద పడుతోంది. గణపతిరావు చెయ్యి తనంతట తనే కెమెరా మీదికి పోయింది. కంటికి ఆనించుకోబోయి ఆగాడు. దాన్ని కిందికి దించి, బాలు కళ్లలోకి చూసి అడిగాడు.

"ఊ?"

బాలు ఆలోచించాడు. అమ్మ వంక చూశాడు, కెమెరా వంక చూశాడు.

"వద్దు బాబాయ్," అన్నాడు. "ఇప్పుడొద్దు."

అచ్చియ్యమ్మ నొచ్చుకుని ఏదో అనబోయింది. గణపతిరావు ఆమెని ఆపి, కెమెరాకి మూత పెట్టి బీరువాలో పెట్టేశాడు. వాడు వద్దనగలిగినందుకు ఆయనకి కళ్లనీళ్లు తిరిగాయి. బుధవారం నాటి చక్రకేళీలు ఇంకా అక్కడే ఉన్నాయి, ఒక్కటీ ముట్టలేదు. బాగా ముగ్గిపోయిన వాటిలోంచి మంచివి రెండు ఏరి తల్లికొకటి, కొడుక్కొకటి ఇచ్చాడు.