వాకిట్లో గరిక

“మట్టి ఆరనియ్యకు. నేను పైపు కొనుక్కొస్త.”

“ఆరేసిన బట్టలే తియ్యాల్నా, నీ మట్టికే నీళ్లు కొట్టాల్నా? పో, బస్సు పోతది.”

మా ఆయనా నేనూ చివరగా అనుకున్న మాటలు ఇవే. కరీంనగర్ పోయే ఆ బస్సులోనే ఆయన గుండె ఆగిపోయింది. పైపు రాలేదు.

ఆయన పద్దెనిమిదేళ్లు మస్కట్‌లో, ఇసుక నేలలో, ఎవరిదో బంగళా ముందు గడ్డి పెంచాడు. తిరిగి వచ్చాక మన ఇంటి ముందు కూడా అలాంటిది కావాలన్నాడు. నేను నవ్వాను. పొద్దున లేస్తే పత్తి చేలల్లో గరిక పీకే మనిషిని కదా. నర్సరీలో చాపలా చుట్టి అమ్మే గడ్డి ధర విని ఆయన వట్టి చేతులతో ఇంటికొచ్చాడు. అయినా మానలేదు. వాకిట్లో రాళ్లు ఏరి, చెరువు మట్టి పోసి, మాగిన పెంట ఎరువు కలిపి నేల చదును చేశాడు. ఆయన చేతిలో అంతవరకే అయింది.

పదో దినం అయ్యాక మరిది వచ్చాడు. నేను చెబుతుంటే ఇది రాస్తున్న పిల్ల ఆయన బిడ్డే.

“వదినె, వాకిట్ల గడ్డి మొలిస్తే పాడుపడ్డ ఇల్లంటరు. సిమెంటు పోపిస్త.”

“సంవత్సరీకం దాక ఆగు. అప్పటికి గడ్డి నేలంత కప్పకపోతే పోసుకో.”

“మొలవొద్దని నేనంటే నువ్వు పెంచుతనంటవేంది?”

“పెంచుత.”

మా ఆయన చదును చేసిన మట్టి మీద సిమెంటు పడడం నాకు ఇష్టం లేదు. అంతకు మించి కారణం లేదు.

గరిక కొనలేదు. కలుపుకు పోయిన ప్రతి చేనులో పీకిన గరిక సంచిలో వేసుకొచ్చాను. తోటి ఆడవాళ్లు ఒకటే నవ్వు.

“అక్కా, పీకినందుకు కూలి వాళ్లిస్తరు. నాటినందుకు నీకెవలిస్తరే?”

నాకు తెలిసిన నాటు వరి నాటే. అందుకే వాకిలిని మడి చేశాను. నీళ్లు నిలబెట్టి, కాళ్లతో బురద తొక్కి, వంగి వెనక్కి నడుస్తూ గరిక నాటాను. వరుసలు చూస్తే ముచ్చటేసింది. వారం తిరిగేసరికి గరిక పసుపు పచ్చబడి, కుళ్లి, కంపు కొట్టింది.

అప్పుడు గుర్తొచ్చింది. మేము పీకి గట్టు మీద పారేసిన గరిక ఎవరూ నీళ్లు పోయకుండానే బతికేది కదా. దానికి కావలసింది మడి కాదు, తడి. నేల ఆరనిచ్చాను. అడుగు వేస్తే అచ్చు పడి, బురద అంటనంత పదును రాగానే జానెడు దూరంలో గీతలు గీశాను. గరిక తీగను మూడు నాలుగు కణుపులకు ఒక ముక్క కోసి, కొస బయటికి ఉంచి మట్టి కప్పి, మడమతో తొక్కాను. బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్లు పొద్దునా సాయంత్రం చేత్తో చల్లాను, వాకిట్లో పేడనీళ్ల సాన్పి చల్లినట్టే. కోళ్లు గెలక్కుండా తుమ్మకంప పరిచాను. తుంగ మొలిస్తే వేళ్లతో సహా తీశాను.

చలికాలానికి గీతలు కలిశాయి. ఎండాకాలంలో ఒక మూల ఎండింది. దాన్ని మళ్లీ నాటాను.

సంవత్సరీకానికి రెండు రోజుల ముందు మరిది సిమెంటు బస్తాలు ఆటోలో వేసుకుని, మేస్త్రీని వెంటబెట్టుకుని వచ్చాడు. నేను కూర్చుని కొడవలితో గడ్డి సమంగా కోస్తున్నాను.

“వదినె, జర పక్కకు జరుగు.”

“కొయ్యనియ్యి. గా మూల మిగిలింది.”

మేస్త్రీ తాపీ కింద పెట్టి చుట్టూ తిరిగి చూశాడు.

“పటేలా, గిది మొలిసిన గడ్డి కాదు, పెంచిన గడ్డి. దీని మీద సిమెంటు పొయ్యాల్నంటే నాకు చెయ్యాడతలే.”

చివరికి మరిది గేటు నుంచి మెట్ల దాకా ఇద్దరు నడిచేంత బాట మాత్రం పోయించాడు. ఆ మేరకు గరిక పోయింది. మిగిలింది ఉంది. సంవత్సరీకం నాడు చుట్టాలు దాని మీదే కూర్చుని తిన్నారు. పాడుపడ్డ ఇల్లని ఎవరూ అనలేదు. బాగుందనీ అనలేదు.

ఏమే బిడ్డా, కలం ఆపినవ్? మీ బాపును నేను బతిమిలాడినట్టు గిట్ల రాసినవా? నేను బతిమిలాడలే. ఏదీ, మొదటి నుంచి ఒకసారి చదువు, వింట.