మడుగులో మా చోటు

పడవలో ఉండడానికీ పడవలోనే ఉండాల్సి రావడానికీ తేడా ఏమిటో నాకు ఒక ప్లీడరుగారి వల్ల తెలిసింది. ఆ సంగతి ఆయనకు మాత్రం చివరిదాకా తెలియలేదు. అదే నా బాధ.

నా పెళ్ళయ్యేనాటికి కృష్ణలంకలో మా అత్తవారికి ఒక అద్దె గది, తండ్రి నుంచి మా ఆయనకు వచ్చిన ఒక పడవ ఉండేవి. ఏలూరు కాలవ మీద ధాన్యం బస్తాలు, ఇటుకలు, కట్టెలు మోసే పడవ. డెబ్బైల్లోకి వచ్చేసరికి లారీలు ఎక్కువయ్యాయి. పడవ రెండు రోజుల్లో చేర్చే సరుకు లారీ పూటలో చేరుస్తుంటే షావుకార్లు మా ఆయన ఎదురుపడినా పలకరించడం మానేశారు. ముందు బేరాలు పోయాయి, ఆ వెనకే గది పోయింది. నేనూ, మా ఆయనా, మా అత్తా గిన్నెలు, బొంతలు, మేరీమాత పటం పడవలోకి చేర్చుకున్నాం. ఇటుకలు మోసిన చోట వంట చేస్తే అన్నంలో ఎర్రదుమ్ము తగిలేది. ఎవరైనా ఎక్కడుంటున్నారని అడిగితే మా అత్త "గుణదల అవతల" అనేది గానీ పడవలో అనేది కాదు.

గుణదల దాటాక కాలవ ఒక చోట వంపు తిరుగుతుంది. ఆ వంపులో లోతైన మడుగు ఉంది. మేం కట్టుకునే చోటు అదే. ఏటా ఎండాకాలంలో కాలవలకు నీళ్ళు ఆపేస్తారు. అప్పుడు కాలవంతా బురద తేలినా ఆ మడుగులో ఒక్క పడవకు సరిపడా నీరు నిలిచేది. చెక్క పడవకు అదే ప్రాణం. నీళ్ళు లేకుండా ఎండలో పడి ఉంటే పలకలు ఎండి సందులు విచ్చుకుంటాయి. మళ్ళీ నార కుక్కి తారు పూయించుకోవాలంటే ఉన్నవాళ్ళకే కష్టం. పడవవాళ్ళలో ఒక కట్టుబాటు ఉండేది. ఒకరు ఒడ్డున గెడ పాతుకున్న చోట ఇంకొకరు తాడు కట్టరు. దానికి కాగితం లేదు, పోలీసు లేడు. ఎంత తాగుబోతు సరంగైనా ఆ మాట దాటేవాడు కాదు.

ప్లీడరుగారు దాటారు. ఆయనకు గవర్నరుపేటలో మేడ ఉంది. ప్రాక్టీసు మానేసి, ప్రశాంతత కావాలని ఒక పాత పడవ కొన్నారు. దానికి తెల్లరంగు, కిటికీలకు కర్టెన్లు, లోపల రేడియో, పైన వరసగా క్రోటన్ మొక్కల కుండీలు. వంటమనిషి కూడా ఉండేవాడు. ఒకరోజు మేం ఇబ్రహీంపట్నం వైపు కట్టెల బేరానికి వెళ్ళి వచ్చేసరికి ఆ తెల్లపడవ మా మడుగులో ఉంది. మా గెడను పీకి ఒడ్డు మీద పడుకోబెట్టారు. విసిరేసినా ఇంత బాధపడేదాన్ని కాదేమో. గడ్డి మీద పద్ధతిగా పెట్టారు, మర్యాదకి.

"అడగవయ్యా," అన్నాను మా ఆయనతో.

"ఏవని అడగనే? కాలవ మన పేరున రాసుందా?"

"ఆయన పేరున రాసుందా?"

మా ఆయన కాస్త దిగువన వేరే గెడ పాతాడు.

ఆదివారాలు ప్లీడరుగారి స్నేహితులు వచ్చేవారు. ఆయన పడక కుర్చీలో కూర్చుని మా వైపు చెయ్యి చూపించేవారు. "వాళ్ళని చూడండి. అద్దె లేదు, పన్ను లేదు, రేపటి దిగులు లేదు. అసలు బతుకంటే వాళ్ళదండీ." నేను నాలుగు బారల దూరంలో చేపలు తోముతున్నాను. రేపటి దిగులుతోనే తోముతున్నాను. ఒకసారి పత్రికవాళ్ళెవరో ఫోటో తియ్యడానికి వస్తే వంటమనిషి మా దగ్గరికొచ్చి, "అమ్మా, ఆ ఆరేసిన బట్టలు కాస్సేపు తీసెయ్యండి, ఫోటోలో అడ్డం వస్తున్నాయంట," అన్నాడు. మా అత్త తీసెయ్యకపోగా తడి లంగా ఇంకోటి తెచ్చి ఆరేసింది. అప్పటిదాకా మా అత్తంటే నాకు పెద్ద ఇష్టం లేదు.

ఎండలు ముదిరాయి. కాలవలు కట్టేస్తారని తెలిసింది. ప్లీడరుగారు మంచాలూ రేడియో రిక్షాలో వేయించుకుని బెంగుళూరు ప్రయాణమయ్యారు. వెళ్తూ వెళ్తూ ఒడ్డు మీద నుంచి, "అమ్మాయ్, మా మొక్కలకి రోజూ నీళ్ళు పొయ్యి. మీరెలాగూ ఇక్కడే ఉంటారుగా," అన్నారు.

ఎక్కడికి పోతాం మరి.

ఆయన పోయిన మర్నాటికే నీరు తగ్గడం మొదలైంది. ఒక్క మనిషి లేని పడవ లోతు మడుగులో, ముగ్గురు మనుషుల ఇల్లు లోతులేని చోట. మా ఆయన పని వెతుక్కుంటూ ఊళ్ళోకి వెళ్ళాడు. అత్తా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. "తాడు నువ్వు లాగు, గెడ నేనేస్తా," అంది. తెల్లపడవను దిగువకు జరిపి, మా పడవను మడుగులోకి తెచ్చాం. ఒళ్ళంతా బురద, చేతులు బొబ్బలు. మా పాత గెడ తెచ్చి మా పాత గోతిలోనే పాతాను. "గట్టిగా కట్టవే, నీ మొగుడు పిరికోడు," అంది అత్త. తాడు తడిపి, బలమంతా పెట్టి ముడి మీద ముడి వేశాను. ఆ మధ్యాహ్నం పడవ నీళ్ళ మీద కదులుతుంటే అన్నం తిన్నాం. ఆ సంవత్సరంలో నాకు ఒంటబట్టిన అన్నం అదొక్కటే.

సాయంత్రం మా ఆయన వచ్చి చూసి గట్టు మీద చతికిలబడ్డాడు.

"ఆయన ప్లీడరే. కేసు పెడితే ఏం చేస్తాం?"

"ఏమని పెడతాడురా? పెళ్ళాం పడవని నీళ్ళలో పెట్టుకుందనా?" అంది అత్త.

"పెద్దోళ్ళతో మనకెందుకమ్మా."

వెలుతురు ఉండగానే లేచి, రెండు పడవలనూ ఎక్కడివక్కడ పెట్టేశాడు. మేమిద్దరం చెయ్యి వెయ్యలేదు. ఒక్కడే లాక్కున్నాడు. తెల్లారేసరికి నీరు అడుగంటింది, ఇక కదపడానికి లేదు.

ఆ ఎండాకాలమంతా మేం ఏటవాలు ఇంట్లో బతికాం. పొయ్యి మీద గిన్నె నిలిచేది కాదు. పడుకుంటే ముగ్గురం ఒక మూలకు దొర్లేవాళ్ళం. తెల్లపడవ మాత్రం మడుగులో నిటారుగా, నీడ చూసుకుంటూ ఉండేది. దాని పక్క నుంచే బిందెలతో నీళ్ళు మోసుకొచ్చి మా పలకల మీద తడి గోనెసంచులు కప్పేవాళ్ళం. ఒక చివర తడిపి రెండో చివరకు వెళ్ళేసరికి మొదటిది ఆరిపోయేది. ఆ మొక్కలకు నేను చెంబెడు నీళ్ళు కూడా పొయ్యలేదు. అందుకు ఈనాటికీ విచారించను.

కాలవకు నీళ్ళు వదిలిన రోజు ఊరంతా సంబరపడింది. మా పడవ లేవలేదు. నీళ్ళు పక్కనుంచి పోవడానికి బదులు లోపలికి వచ్చాయి. పొద్దుటినుంచీ తోడాం. సాయంత్రానికి సామాను గట్టు మీద, పడవ కాలవ అడుగున.

వానలు పడ్డాక ప్లీడరుగారు వచ్చారు. ముందు ఆయన చూసింది కుండీల్ని. "మొక్కలు ఎండిపోయాయే," అన్నారు. తర్వాత గట్టు మీద తాటాకుల కింద ఉన్న మమ్మల్ని చూశారు. సంగతి విని నిజంగానే నొచ్చుకున్నారు.

"అయ్యో, ఒక్కమాట అడిగితే ఆ చోటు నేనే ఇచ్చేవాణ్ణి కదయ్యా."

మా ఆయన తల వంచుకున్నాడు. నేను ఊరుకోలేదు.

"మా చోటు మీరివ్వడమేంటండీ?" అన్నాను.

ఆయన నవ్వి, "కోపం మనిషిలా ఉందే," అని మా ఆయనతో అన్నారు. నాతో అనలేదు.

ఆ చలికాలానికే దోమలకు తట్టుకోలేక పడవ అమ్మేసి మేడకు వెళ్ళిపోయారు. ఆయనకు అదొక సరదా, తీరిపోయింది. మా పడవను పైకి లాగి పలకలు ఊడదీశాం. ఒక పలక తర్వాత వేసుకున్న గుడిసెకు తలుపైంది. మా ఆయన హనుమాన్ జంక్షన్ వెళ్ళి, తన బేరాలు తీసుకుపోయిన లారీలకే బస్తాలు ఎత్తాడు. ఆ సాయంత్రం గురించి మేం మళ్ళీ మాట్లాడుకోలేదు. నేను మాట్లాడకపోతే మరిచిపోయానని ఆయన అనుకుని ఉంటాడు.

ఎన్నో ఏళ్ళకు, మా ఆయన మంచాన పడ్డాక ఒకరోజు అన్నం పెడుతుంటే తనంతట తనే అన్నాడు.

"ఆ రోజు నువ్వేసిన ముడి చాలా గట్టిదే. ఊడదీయడానికి నా గోళ్ళు విరిగినయ్."

"ఊడదీస్తావని వెయ్యలేదు," అని కంచం అక్కడ పెట్టి వచ్చేశాను.